బెల్టు కట్టుకుంటే టోర్నడో వదిలేస్తుందా?

1996లో వచ్చిన ‘ట్విస్టర్’ సినిమా చివరి సీను చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెనక నుంచి ఎఫ్5 టోర్నడో (అన్నిటికంటే తీవ్రమైన స్థాయి సుడిగాలి) తరుముకొస్తుంటే హీరో హీరోయిన్లు ఒక చిన్న షెడ్డులో దూరి, భూమిలోకి లోతుగా దిగిన నీటి గొట్టాలకు తోలు పట్టీలతో తమను తాము కట్టేసుకుంటారు. షెడ్డు ముక్కలై ఎగిరిపోతుంది, వీళ్ళిద్దరూ కాళ్ళు పైకి లేచి గాల్లో వేలాడుతూ పైకి చూస్తే టోర్నడో లోపలంతా కనిపిస్తుంది. తర్వాత గాలి తగ్గుతుంది, ఇద్దరూ లేచి నిలబడతారు, ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ ఉండదు.

ఇండియాలో ఉన్నప్పుడు ఇది కేబుల్ టీవీలో చూసి నోరెళ్ళబెట్టాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాం, ఏటా మార్చి నుంచి జూన్ దాకా ఆకాశం వంక చూస్తూ బతికే ప్రాంతం ఇది. ఇక్కడికొచ్చాక మళ్ళీ చూస్తే అదే సీను నాకు భయం పుట్టించింది, ఎందుకంటే అది చూసి నిజమని నమ్మేవాళ్ళు ఉంటారు.

గాలి లెక్క చూడండి. 2014లో విశాఖను చిత్తు చేసిన హుద్‌హుద్‌లో గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది. 1999 మే 3న ఓక్లహోమాలో బ్రిడ్జ్ క్రీక్, మూర్ ఊళ్ళ మీదుగా పోయిన టోర్నడోలో రాడార్ ట్రక్కు కొలిచిన వేగం గంటకు సుమారు 480 కిలోమీటర్లు. రెండున్నర రెట్లేగా అనిపిస్తుంది కానీ, గాలి తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆ దెబ్బ హుద్‌హుద్ కంటే ఏడు రెట్లు. పైగా అది ఉత్త గాలి కాదు. ఇటుకలు, రేకులు, విరిగిన దూలాలు, గాజు పెంకులు, ఇసుక, అన్నీ అదే వేగంతో తిరుగుతుంటాయి. షెడ్డు చుట్టూ ఎగిరిపోతున్నప్పుడు ఆ షెడ్డు ముక్కలు ఎటు పోతాయి? పక్కనే కట్టేసి ఉన్న మనుషుల మీదికే. టోర్నడోల్లో ప్రాణాలు ఎక్కువగా పోయేది ఇలా ఎగిరొచ్చి తగిలే వస్తువుల వల్లే, తోలు పట్టీ ఎంత గట్టిదైనా వాటిని ఆపలేదు.

అయితే ఆ సీనులో పూర్తి కల్పన అనిపించే ముక్క ఒకటి నిజానికి దగ్గరగా ఉంది. 1928 జూన్‌లో కాన్సస్‌లోని గ్రీన్స్‌బర్గ్ దగ్గర విల్ కెల్లర్ అనే రైతు, ఇంటివాళ్ళందరినీ నేలమాళిగలోకి పంపి, తలుపు వేసే ముందు ఒక్క క్షణం తల పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే టోర్నడో కొస నేలను వదిలి ఆయన నెత్తి మీదుగా పోతోంది. గుండ్రటి బావిలోకి కింద నుంచి పైకి చూసినట్టు ఉందనీ, లోపలి గోడల మీద మెరుపులు ఆగకుండా వెలుగుతున్నాయనీ, అంచుల్లో చిన్న చిన్న సుడులు పుట్టి విడిపోతున్నాయనీ తర్వాత చెప్పాడు. టోర్నడో లోపల అలాంటి చిన్న సుడులు నిజంగానే ఉంటాయని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళ తర్వాత గుర్తించారు. నాకు ఈ రైతంటే చాలా గౌరవం. ప్రాణభయంలో కూడా అంత శ్రద్ధగా చూశాడు.

సినిమాలో టోర్నడో లోపలి సంగతులు కొలవడానికి దాని దారిలో పెట్టే డొరొతీ అనే డ్రమ్ము ఉంటుంది, దానికీ అసలుది ఉంది. 1980లలో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు సుమారు 180 కిలోల ఒక పీపాకు గాలి, ఉష్ణోగ్రత, పీడనం కొలిచే సాధనాలు బిగించి, పికప్ ట్రక్కు వెనక ఎక్కించుకుని టోర్నడోల దారిలో దించడానికి తిరిగారు. పేరు టోటో. డొరొతీ, టోటో రెండూ ఒకే పిల్లల కథలో పేర్లు, ఒకరు కాన్సస్ అమ్మాయి, ఇంకొకటి ఆమె కుక్కపిల్ల. ఏళ్ళ తరబడి తిరిగినా ఏ టోర్నడో దాని మీదుగా నేరుగా పోలేదు. 1984లో ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్ దగ్గర ఒక బలహీనమైన టోర్నడో అంచు తగిలితే, బరువంతా పైనే ఉండటంతో టోటో పక్కకు ఒరిగి పడిపోయింది. 1987లో దాన్ని పక్కన పెట్టేశారు.

డ్రమ్ముతో కానిది తాబేలుతో అయింది. టిమ్ సమారాస్ అనే ఇంజినీరు నేలకు అతుక్కుని ఉండే తాబేలు డిప్ప లాంటి పెట్టె తయారుచేశాడు, దాని వాలు ఎలా ఉంటుందంటే గాలి ఎంత గట్టిగా కొడితే అది అంత గట్టిగా నేలకు నొక్కుకుంటుంది. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలో మాంచెస్టర్ అనే చిన్న ఊరి దగ్గర ఆ పెట్టెను రోడ్డు పక్కన పెట్టి పారిపోయాడు, టోర్నడో సరిగ్గా దాని మీదుగా వెళ్ళింది. పీడనం 100 మిల్లీబార్లు పడిపోయినట్టు పెట్టెలో నమోదైంది. నిలబడ్డ చోటు నుంచి కిలోమీటరు ఎత్తుకు అమాంతం లేపేస్తే ఎంత తేడా వస్తుందో అంత. సినిమాలో మాత్రం కూల్‌డ్రింక్ డబ్బాలు కత్తిరించి రెక్కలుగా తగిలించిన కొలత బంతులు డొరొతీ లోంచి మిలమిలలాడుతూ సుడిలోకి ఎగిరిపోతాయి. చూడ్డానికి అదే అందం, ఒప్పుకుంటాను. కానీ నేలకు బారెడు ఎత్తులో ఏం జరుగుతోందో తెలిస్తేనే ఇళ్ళు ఎలా కట్టాలో తెలుస్తుంది, ఆ లెక్క ఇచ్చింది తాబేలే.

అంత జాగ్రత్తపరుడిగా పేరున్న సమారాస్ 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడోలో చిక్కుకుని చనిపోయాడు, కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ కూడా అదే కారులో. ఆ టోర్నడో చూస్తుండగానే 4.2 కిలోమీటర్ల వెడల్పుకు ఉబ్బింది, దారి మార్చింది, వేగం పెంచింది, పైగా చుట్టూ వాన తెర. సినిమా టోర్నడో ఎప్పుడూ ఏనుగు తొండంలా స్పష్టంగా కనిపిస్తుంది, కెమెరాకు అలా కనిపించాలి కాబట్టి. ఎల్ రీనో దగ్గర రోడ్డు మీద ఉన్నవాళ్ళకు కనిపించింది నల్లటి వాన మాత్రమే. టోర్నడో అంచు ఎక్కడ మొదలైందో కంటికి తెలిసే వీలు లేదు.

ఇంకో సంగతి. ఆ రోజు రాడార్లు గంటకు 480 కిలోమీటర్ల దాపు వేగాలే చూపించాయి, అయినా అధికారికంగా దానికి దక్కింది ఈఎఫ్3 మాత్రమే (ఎఫ్ స్కేలుకు కొత్త రూపం ఈఎఫ్, దాన్లోనూ పై స్థాయి 5). ఎందుకంటే రేటింగు ఇచ్చేది గాలిని చూసి కాదు, అది పోయాక మిగిలిన నష్టాన్ని చూసి. అక్కడ ఎక్కువగా పొలాలు, కూలడానికి ఇళ్ళు తక్కువ. సినిమాల్లో దూరం నుంచి చూసి ‘అదిగో ఎఫ్5’ అని అరవడం బయట కుదరదు.

ఛేజింగ్, అంటే టోర్నడోలను వెతుక్కుంటూ వెంటపడటం, కూడా అంతే. సినిమాలో గంటకో టోర్నడో. నిజంలో పొద్దున్నే మ్యాపులు ముందేసుకుని ఏ ఊరి వైపు వెళ్ళాలో తేల్చుకుని, వందల కిలోమీటర్లు నడిపి, పెట్రోలు బంకు దగ్గర చిప్స్ తింటూ మేఘాల కోసం కూర్చుంటారు. ఎక్కువ రోజులు ఉత్త చేతులతో తిరిగొస్తారు. తిరుగు ప్రయాణంలో నిద్ర, వాన, తడి రోడ్డు, ఇవి వాళ్ళకు టోర్నడో అంత ప్రమాదం.

2024లో వచ్చిన ‘ట్విస్టర్స్’ చాలా విషయాల్లో మెరుగు, ఓక్లహోమాలోనే తీశారు, రాడార్ మాటలు నమ్మేలా ఉంటాయి. కానీ నీటిని పీల్చే పొడి చల్లి టోర్నడోను చంపడమనే కథ మాత్రం జరిగే పని కాదు. మనకు కనిపించే గరాటు, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు లేచిన తుఫాను మేఘానికి కింద వేలాడే చిన్న కొస. ఆ మేఘం చుట్టుపక్కల తడిగాలినంతా ఆగకుండా పీలుస్తూ ఉంటే, కొస దగ్గర నాలుగు డ్రమ్ముల పొడి ఏం చేస్తుంది? ఒక్కటి బాగా చూపించారు. జనం సినిమా హాల్లో దాక్కుంటే దాని గోడ ఊడిపోతుంది. మధ్యలో స్తంభాలు లేని పెద్ద కప్పు ఉన్న హాళ్ళు, మాల్స్ నిజంగానే ప్రమాదం.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసింది ఏ పెద్ద సినిమా కాదు, 1991లో కాన్సస్‌లో ఒక టీవీ బృందం ఫ్లైఓవర్ కింద దాక్కుని బతికి బయటపడ్డ వీడియో. అది పదే పదే టీవీల్లో వచ్చి, ఫ్లైఓవర్ కింద దూరితే చాలన్న నమ్మకం పాతుకుపోయింది. 1999 మే 3న అలా మూడు ఫ్లైఓవర్ల కింద దాక్కున్నవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. వంతెన కింద ఇరుకు సందులో గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది, వాలు పైకి ఎక్కినకొద్దీ ఇంకా ఎక్కువ. 2015 డిసెంబరు 26 రాత్రి మా డాలస్ పక్కన గార్లాండ్‌లో చనిపోయినవాళ్ళలో కూడా ఎక్కువమంది హైవే కూడలి దగ్గర కార్లలో ఉన్నవాళ్ళే.

2019 అక్టోబరు 20 రాత్రి డాలస్ ఉత్తర భాగంలో ఈఎఫ్3 వచ్చినప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. ఫోన్లు ఒక్కసారిగా కూశాయి. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి, 1977 ఉప్పెన నాటి గాలి చిన్నప్పుడు చూసింది, తుఫాను ఆమెకు కొత్త కాదు. ‘అదేంట్రా, వాయుగుండమంటే రెండ్రోజుల ముందే చెప్తారుగా, పది నిమిషాల్లో వస్తుందంటే ఎక్కడికి పోతాం’ అంది. ఇక్కడి బంకమట్టి నేలలో చాలా ఇళ్ళకు నేలమాళిగ ఉండదు. మెట్ల కింద కిటికీ లేని అల్మారా గదిలో నలుగురం కూర్చుని, పరుపు మీదికి లాక్కున్నాం. అది మాకు చాలా మైళ్ళ దూరం నుంచే పోయింది. అమ్మ మాత్రం గంట తర్వాత గానీ పిల్లాడి సైకిల్ హెల్మెట్ తల మీంచి తీయలేదు.