ఆకాశం చూడ్డానికి కొత్తగా వచ్చేవాళ్లకు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

అనంతపురంలో మా ఆకాశ పరిశీలన బృందంలోకి రావాలనుకునేవాళ్లు మొదట అనే మాట ఇంచుమించు ఒకటే. "నాకేం తెలీదన్నా, టెలిస్కోపు కూడా లేదు. రావచ్చా?"

రావచ్చు. తప్పకుండా రండి. బళ్లలో, మిద్దెల మీద, ఊరి బయట చేలల్లో జనానికి ఆకాశం చూపిస్తూ వచ్చాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఒకసారి వచ్చి మళ్లీ రానివాళ్లు ఆకాశం నచ్చక మానుకోలేదు, ఇది తమలాంటివాళ్లకు కాదనుకుని మానుకున్నారు. ఆ అనుమానం కొంత వాళ్లు వెంట తెచ్చుకున్నది, కొంత మాలాంటి పాతవాళ్లు పెంచినది. అందుకే ఇది వచ్చేవాళ్లకూ, పిలిచేవాళ్లకూ కలిపి రాస్తున్నాను.

అపోహ: ముందు టెలిస్కోపు కొనాలి, ఆ తర్వాతే చేరాలి.

వాస్తవం: దయచేసి ఇప్పుడే కొనకండి. మొదటి కొన్ని నెలలకు కళ్లు చాలు. ఏ నక్షత్రం ఎటు పొడుస్తుంది, ఎటు కుంకుతుంది, గ్రహం ఏది, చుక్క ఏది అని తెలియకుండా టెలిస్కోపు చేతిలోకి వస్తే, దాన్ని ఎక్కడికి తిప్పాలో తెలియక వారంలో అది అటక ఎక్కుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే చవక టెలిస్కోపు పెట్టె మీద "525 రెట్లు" అని పెద్ద అక్షరాల్లో వేసి ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 700 మి.మీ. కంటి దగ్గర పెట్టే ఐపీస్ 4 మి.మీ. 700ను 4తో భాగిస్తే 175. దానికి బొమ్మను ఇంకా 3 రెట్లు పెంచే బార్లో లెన్స్ కలిపితే 525. భాగహారం, గుణకారం సరిగ్గానే ఉన్నాయి. కానీ ముందున్న కటకం వ్యాసం 60 మి.మీ. మాత్రమే. కటకం ఎంత మంచిదైనా మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంటే ఇక్కడ 120 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ కొత్త వివరం ఏమీ కనిపించదు, ఉన్నది కూడా మసకబారుతుంది. పైగా స్టాండు కాళ్లు సన్నం. ఫోకస్ తిప్పుదామని వేలు ఆనించగానే గురుగ్రహం కదిలి కనుచూపు నుంచి తప్పుకుంటుంది. కొన్నవాళ్లు తమకే చూడ్డం రాలేదనుకుంటారు.

అలాంటి టెలిస్కోపు ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయకండి, తీసుకురండి. బార్లో, 4 మి.మీ. ఐపీస్ పక్కన పెట్టి 20 మి.మీ.ది బిగిస్తే 35 రెట్లు వస్తాయి. దాంట్లో చంద్రుడి మీద గుంటలు, గురుగ్రహం పక్కన నాలుగు ఉపగ్రహాలు చక్కగా కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో ఆ ఉపగ్రహాలను చూసింది దాదాపు 20 రెట్ల గొట్టంతోనే. కొత్తవాళ్లు ఇష్టంగా మోసుకొచ్చిన దాన్ని "అది ఆటబొమ్మ" అని తీసిపారేసే సీనియర్లు నాకు తెలుసు. అది చాలా తప్పు. దాంతో ఏం చూడొచ్చో వాళ్ల ఎదుటే చూపించడం మన పని.

ఏదో ఒకటి కొనాల్సిందే అనిపిస్తే 10×50 బైనాక్యులర్ కొనండి, అంటే 10 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మి.మీ. ఉన్నది. చీకట్లో మన కంటిపాప 7 మి.మీ. వరకు తెరుచుకుంటుంది. 50 మి.మీ. కటకం దానికన్నా దాదాపు 50 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. మోచేతులు పిట్టగోడకు ఆనించి కృత్తికల వైపు చూడండి. కంటికి ఆరు చుక్కలు కనిపించే చోట పదుల చుక్కలు లేస్తాయి.

అపోహ: మన ఊళ్లలో ఏం కనిపిస్తుంది? చూడాలంటే లడఖ్ పోవాలి.

వాస్తవం: లడఖ్‌లోని హాన్లే ఆకాశం గొప్పదే, కాదనను. 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును అక్కడ పెట్టింది ఊరికే కాదు. కానీ అక్కడినుంచి కనిపించనివి మనకు కనిపిస్తాయి. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో రాత్రి 9 దాటాక దక్షిణం వైపు అడ్డు లేని చోట నిలబడి, చేయి చాపి పిడికిలి బిగించి దిగంతం మీద పెట్టండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తులో నాలుగు చుక్కల శిలువ నిటారుగా నిలబడి ఉంటుంది. అదే సదరన్ క్రాస్. హాన్లే సంగతి అటుంచి, ఢిల్లీ నుంచి కూడా దాన్ని పూర్తిగా చూడలేరు. కాస్త ఎడమకు ఆల్ఫా సెంటారీ ఉంటుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం అది, దూరం 4.4 కాంతి సంవత్సరాలు లోపే. మన గెలాక్సీ కేంద్రం హాన్లేలో ఎక్కువలో ఎక్కువ 28 డిగ్రీల ఎత్తుకు వస్తే, మనకు 46 డిగ్రీల దాకా వస్తుంది.

అనంతపురంలో ఏడాదికి కురిసేది సగటున 550 మి.మీ. వాన. మబ్బు కోసం ఎదురుచూసే రైతు ముందు ఈ మాట అనడానికి మనసు రాదు గానీ, మబ్బు లేని రాత్రులు మనకు చాలా ఉంటాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మరీ బాగుంటుంది. ఎండాకాలంలో దుమ్ము అడ్డు. గండికోటకు పోయేవాళ్లు అమావాస్య చూసుకుని పోండి, టెంట్ల లైట్లకు దూరంగా కూర్చోండి. చంద్రుడికి, గ్రహాలకు మాత్రం అంత దూరం అక్కర్లేదు. కర్నూలు, కడప నడిబొడ్డున మిద్దె మీద నుంచైనా అవి బాగానే కనిపిస్తాయి.

ఈ ప్రాంతానికి ఖగోళ శాస్త్రం కొత్తేమీ కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వచ్చింది కర్నూలుకు ఉత్తరాన, కృష్ణ అవతల ఉన్న వనపర్తికి. అంతకు ముందు ఏడాదే ఆయన ఆర్ రెటిక్యులీ అనే చర నక్షత్రాన్ని, అంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే చుక్కను, కనిపెట్టారు.

అపోహ: ఫిజిక్స్, లెక్కలు, ఇంగ్లిషు వచ్చినవాళ్లకే ఇది.

వాస్తవం: పొలాల్లో మందతో పడుకునే గొర్రెల కాపరులకు గొర్రుకొయ్యలు, పిల్లలకోడి, వేగుచుక్క తెలుసు. మేం ఒరయన్ బెల్ట్ అనేవే గొర్రుకొయ్యలు, ప్లెయడీస్ లేదా కృత్తికలు అనేదే పిల్లలకోడి. డిసెంబరు నడుమ గొర్రుకొయ్యలు నడినెత్తికి వచ్చాయంటే అర్ధరాత్రి అయినట్టే. ఫోన్ చూడకుండా టైం చెప్పే పెద్దాయన మా శిబిరానికి వస్తే, ఆ రాత్రికి మాకు గురువు ఆయనే. పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.

అయితే పెద్దవాళ్లను కూడా ఆలోచింపజేసే ప్రశ్న ఒకటుంది. మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం కనిపిస్తుందా? కనిపించదు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ కార్తె. కాబట్టి జూన్‌లో ఆ చుక్కలు పగటిపూట, సూర్యుడి వెలుగులో ఉంటాయి. వాటిని సాయంత్రం పూట చూడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడాలి. ఏరువాక లెక్కల్లో ఇంత ఖగోళం ఉందని తెలిసినప్పుడు రైతుల పిల్లల మొహాలు చూడాలి. తాము ఏమీ తెలియకుండా రాలేదని అప్పుడు వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

అపోహ: టెలిస్కోపులో ఫోటోల్లో ఉన్నట్టే రంగురంగులుగా కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. ఇది మొదటి రాత్రే, ఐపీస్ దగ్గరికి రాకముందే చెప్పేయాలి. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే కణాలకు రంగు తెలియదు. కెమెరా నిమిషాల తరబడి వెలుతురు కూడబెట్టుకుంటుంది, కన్ను అలా చేయలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ మీకు బూడిదరంగు మరకలాగే కనిపిస్తుంది. కానీ ఆ వెలుతురు 25 లక్షల ఏళ్ల కింద బయల్దేరి నేరుగా మీ కంట్లో పడుతోంది. అది తెలిసి చూడండి. సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే మరక ఇంకాస్త పెద్దదిగా తెలుస్తుంది. ఇందుకు కన్ను చీకటికి అలవాటు పడాలి, అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగించినా మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి తెచ్చుకోండి.

అపోహ: చంద్రుణ్ణి చూడ్డానికి పౌర్ణమి మంచిది.

వాస్తవం: సప్తమి, అష్టమి మంచివి. వెలుగు-చీకటి సరిహద్దు దగ్గర గుంటల నీడలు పొడవుగా పడి లోతు తెలుస్తుంది. పౌర్ణమి నాడు నీడలే ఉండవు.

అపోహ: నక్షత్రాలు చూసేవాళ్లు జాతకం కూడా చెప్తారు.

వాస్తవం: చెప్పం. కానీ అడిగినవాళ్లను చూసి నవ్వే హక్కు మాకు లేదు. "మా పిల్లోడిది స్వాతి నక్షత్రం సార్, బాగుంటాడా?" అని ఒక తల్లి అడిగితే నేను చేసే పని ఒకటే, స్వాతిని చూపించడం. ఏప్రిల్, మే నెలల్లో సప్తర్షి మండలం తోక వంపును అలాగే సాగదీస్తూ పోతే నారింజ రంగులో మెరిసేది అదే. దూరం దాదాపు 37 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మన కంట్లో పడే వెలుతురు 37 ఏళ్ల కింద బయల్దేరినది. బిడ్డ పేరుతో పాటు రోజూ పలికే నక్షత్రాన్ని ఆమె కళ్లారా చూడటం ఎన్ని వాదనలకన్నా విలువైనది. తర్వాత ఆమె ఏం నమ్మాలన్నది ఆమె ఇష్టం.

అపోహ: సూర్యుణ్ణి చూడ్డానికి టెలిస్కోపుతో పాటే నల్ల గాజు ఫిల్టర్ ఇచ్చారు, అది చాలు.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడను. ఐపీస్‌కు బిగించే "సన్" అని రాసి ఉన్న ఆ చిన్న నల్ల గాజును ఈ రోజే పగలగొట్టి పారేయండి. కటకం పోగుచేసిన ఎండంతా దాని మీదే పడుతుంది. వేడికి అది చూస్తుండగానే చిట్లిపోవచ్చు, మరుక్షణం ఆ ఎండ కంట్లో ఉంటుంది. కంటి తెర కాలేటప్పుడు నొప్పి కూడా తెలియదు. ఫిల్టర్ అనేది టెలిస్కోపు ముందు భాగాన్ని మొత్తం మూసేలా ఉండాలి, దాని మీద గీత, చిల్లు లేవని ప్రతిసారీ చూసుకోవాలి. ఎక్స్-రే ఫిల్ములు, మసిపట్టిన గాజు, కూలింగ్ గ్లాసులు, పళ్లెంలో పసుపు నీళ్లు ఏవీ కళ్లను కాపాడవు. గ్రహణాన్ని ఏ ఖర్చూ లేకుండా చూసే దారి ఇంకొకటి ఉంది. 2019 డిసెంబర్ 26న మనకు పాక్షికంగా కనిపించిన సూర్యగ్రహణంలో వేపచెట్టు కింద నేల మీద చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆకుల సందుల్లోంచి పడ్డ ప్రతి వెలుగు మచ్చా ఒక నెలవంకే.

అపోహ: రాత్రిపూట పని, ఆడపిల్లలకు కుదరదు.

వాస్తవం: కుదిరేలా చేయాల్సిన బాధ్యత బృందానిది. మా కొత్తవాళ్ల కార్యక్రమాలు సాయంత్రం చీకటి పడగానే, ఊళ్లోనే ఏదో ఒక మిద్దె మీద, ఇంటివాళ్లతో కలిసి మొదలవుతాయి. అమ్మలు, అవ్వలు కూడా వస్తారు. ఊరి బయటికి వెళ్లడం ఆ తర్వాత సంగతి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గురుగ్రహం చూసి, నోటుబుక్కులో నడుమ సున్నా చుట్టి, అటూ ఇటూ పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంది. మరుసటి రాత్రి మళ్లీ చూసి, పేజీ తిప్పి చూపించింది. "నిన్న ఈ పక్క మూడుండె సార్, ఈ పొద్దు రెండే ఉండాయి. ఒగటి యాడికి పోయింది?" నేను జవాబు చెప్పలేదు. రేపు కూడా గీసుకురమ్మన్నాను. అన్నిటికన్నా లోపలుండే అయో గురుగ్రహాన్ని 42 గంటల్లో చుట్టి వస్తుంది. నాలుగు బొమ్మలయ్యేసరికి అవి చుట్టూ తిరుగుతున్నాయని ఆ అమ్మాయే తేల్చింది. గెలీలియో కూడా ఇలా రాత్రి తర్వాత రాత్రి గీసుకునే ఆ సంగతి పట్టుకున్నాడు.

అపోహ (ఇది సీనియర్లది): కొత్తవాళ్లకు ముందు ఒక క్లాసు పీకాలి.

వాస్తవం: ఎపర్చర్, ఎఫ్-రేషియో, కొలిమేషన్ అంటూ గంటసేపు మాట్లాడితే ఐపీస్ దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు నిద్ర వస్తుంటుంది. ముందు చూపించండి. ఆ తర్వాత టెలిస్కోపు వాళ్ల చేతికివ్వండి, వాళ్లనే తిప్పనివ్వండి. మనం పెట్టి ఇచ్చిన శనిగ్రహం కన్నా, పావుగంట తంటాలు పడి తామే పట్టుకున్న చంద్రుడి గుంట వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. కదులుతూ పోయే వెలుగును చూసి "ఎగిరే పళ్లెమా?" అని అడిగితే విసుక్కోకండి. అది 400 కి.మీ. ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రమని, గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుందని చెప్పండి.

అపోహ: మనం చూసినందువల్ల సైన్సుకు ఒరిగేదేముంది?

వాస్తవం: 2016 సెప్టెంబర్ 20న అర్జెంటీనాలోని రొసారియోలో విక్టర్ బూసో తన ఇంటి మీది టెలిస్కోపుకు కొత్త కెమెరా బిగించి పరీక్షిస్తూ ఒక గెలాక్సీని ఫోటోలు తీశాడు. సూపర్నోవా, అంటే ఒక నక్షత్రం పేలిపోవడం, ఆ పేలుడులో మొట్టమొదటి వెలుగు వాటిలో పడింది. ఆయన వృత్తి తాళాలు బాగుచేయడం. అంత అదృష్టం అందరికీ పట్టదు, కానీ కెమెరా కూడా అక్కర్లేని పని ఒకటుంది. 2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి మామూలులో సగం కూడా లేకుండా పోయింది. అది తనలోంచి విసిరిన పదార్థం ధూళిగా మారి అడ్డుపడిందని తర్వాత తేలింది. ఆర్ద్ర ఇప్పటికీ హెచ్చుతగ్గులవుతూనే ఉంటుంది. రోహిణితో, పునర్వసులోని పొలక్స్‌తో పోల్చి ఈ రాత్రి ఎంత వెలుగుగా ఉందో కంటితో అంచనా కట్టొచ్చు. ఇలాంటి అంచనాలను 1911 నుంచి ఔత్సాహికుల దగ్గర సేకరిస్తున్న సంస్థ ఒకటి అమెరికాలో ఉంది, మన అంచనాలు కూడా తీసుకుంటుంది.

వచ్చేటప్పుడు మీ వెంట ఏం తేవాలని అడుగుతారు కదా. చాప, దుప్పటి, నీళ్లు, నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. చలికాలమైతే వచ్చే ముందు మీ మిద్దె మీద అరగంట చీకట్లో కూర్చుని, కృత్తికల్లో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలిగారో తేదీ వేసి రాసుకురండి. ఇంట్లో పిల్లలకు, పెద్దలకు వేరువేరు అంకెలు వస్తాయి, అన్నీ రాయండి. మీ వీధిలో ఎంత చీకటి మిగిలి ఉందో దాన్నిబట్టి మాకు తెలుస్తుంది, కొత్తవాళ్లకు తర్వాతి కార్యక్రమం ఎవరి మిద్దె మీద పెట్టాలో కూడా.