ఎయిర్ ఫ్రయ్యర్‌లో చికెన్, కూరగాయలు: తడికీ వేడికీ మధ్య లెక్క

కోడి మాంసం బరువులో నూటికి సుమారు 75 వంతులు నీరే. క్యారెట్‌లో అది 88 వంతులు. కాలీఫ్లవర్, క్యాప్సికంలలో 92 వంతుల దాకా ఉంటుంది. కాబట్టి వీటన్నింటినీ ఒకే బుట్టలో వేసి రాత్రి భోజనం సిద్ధం చేసుకోవాలనుకునేవారు ముందుగా ఆలోచించవలసింది మసాలా గురించి కాదు, నీటి గురించి. ముక్క లోపల తడి నిలవాలి, పైపొర మాత్రం ఆరాలి. పైపొరను ఆరబెట్టే పనిని ఎయిర్ ఫ్రయ్యర్ చాలా బాగా చేస్తుంది. లోపలి తడిని కాపాడే బాధ్యత మాత్రం వండేవారిదే, అందులోనూ ముక్క కోసే కత్తిదే పెద్ద పాత్ర.

ఈ యంత్రంలో ఉన్నది పైభాగంలో ఒక వేడి తీగ, దాని మీద ఒక ఫ్యాన్, కింద రంధ్రాలున్న బుట్ట, అంతే. డచ్ ఆవిష్కర్త ఫ్రెడ్ వాన్ డెర్ వైజ్ రూపకల్పన ఆధారంగా ఫిలిప్స్ సంస్థ దీన్ని 2010లో బెర్లిన్‌లో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ప్రపంచానికి పరిచయం చేసింది. అయితే వేడి గాలిని ఫ్యాన్‌తో తిప్పి వండే ఆలోచన అంతకంటే చాలా పాతది. 1940లలోనే అమెరికాలో విలియం మాక్సన్ గడ్డకట్టించిన భోజనాన్ని విమానాల్లో వేడి చేయడానికి ఇటువంటి పొయ్యిని తయారు చేశాడు. కొత్తదనమల్లా వేడి గాలి తిరిగే గదిని చిన్నది చేసి, గాలి వేగాన్ని పెంచడంలో ఉంది.

గాలి వేడిని బాగా మోయలేదు. 190 డిగ్రీల సెల్సియస్ నూనెలో వేలు పెడితే క్షణంలో బొబ్బలెక్కుతుంది, కానీ అదే వేడి ఉన్న ఓవెన్‌లోకి చేయి చాపి గిన్నెను తాకకుండా వెనక్కి తీసుకుంటే ఏమీ కాదు. గాలి కదలకుండా ఉన్నప్పుడు ప్రతి ముక్క చుట్టూ కాస్త చల్లని, తేమతో నిండిన గాలిపొర ఒకటి అంటుకుని ఉండి, బయటి వేడిని లోపలికి రానీయదు. ఫ్యాన్ ఆ పొరను పలుచబరుస్తుంది, ముక్కనుంచి వెలువడిన ఆవిరిని అక్కడినుంచి తరిమేస్తుంది. బుట్ట నిండా ముక్కలు కుక్కితే వేపుడు కాకుండా ఉడుకుడు అయ్యేది ఇందుకే: గాలి దూరే సందు లేనప్పుడు ఆవిరి ముక్కల మధ్యనే చిక్కుకుపోతుంది.

ఆవిరి గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వంటలో అసలు కీలకం అక్కడే ఉంది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీలనుంచి 100 డిగ్రీలకు చేర్చడానికి సుమారు 290 జౌళ్ల శక్తి చాలు. అదే గ్రాము నీటిని 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చడానికి మాత్రం 2,257 జౌళ్లు కావాలి, అంటే ఏడు రెట్లకు పైగా. దీన్నే మనం బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నాం. ముక్క ఉపరితలం తడిగా ఉన్నంతసేపూ యంత్రం అందించే వేడిలో ఎక్కువ భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. చుట్టూ గాలి 200 డిగ్రీల్లో ఉన్నా సరే, తడి ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. రంగు, కమ్మని వాసన పుట్టించే చర్యలు చురుగ్గా సాగేదేమో సుమారు 140 డిగ్రీల పైన. అమైనో ఆమ్లాలకూ కొన్ని చక్కెరలకూ మధ్య జరిగే ఈ చర్యలను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయ్యార్ 1912లో వివరించాడు. అందువల్ల ముక్క ఎర్రబడాలంటే ముందు అది ఆరాలి. వేయబోయే ముక్కను శుభ్రమైన గుడ్డతోనో కాగితంతోనో ఒత్తి తడి తీసేస్తే, యంత్రానికి అంత పని తగ్గుతుంది.

నూనె పూర్తిగా మానేయడం నా ఉద్దేశంలో పొరపాటు. ఒకటి రెండు చెంచాల నూనె ముక్కలకు పట్టిస్తే అది ఉపరితలంలోని గరుకు గుంటల్లో పరుచుకుని వేడిని సమంగా అందిస్తుంది. కారం, పసుపుల రంగు, ఘాటు నూనెలో కరిగేవే కనుక వాటిని ముక్కంతటా పరుస్తుంది కూడా. అలాగని ఈ యంత్రం మూకుడుకు సాటి అని నమ్మడమూ సరికాదు. మరిగే నూనె జారుపిండిని పడీపడగానే గట్టిపరచగలదు, గాలికి ఆ శక్తి లేదు. మిరపకాయ బజ్జీ పిండి ఇక్కడ బుట్ట రంధ్రాలలోంచి కిందికి కారిపోతుంది. కరకరలాడే పొర కావాలనుకుంటే పొడి బియ్యప్పిండినో కార్న్‌ఫ్లోర్‌నో ముక్కల మీద పలుచగా చల్లి, దానిపై నూనె పట్టించడం మేలు.

ఇక మాంసం సంగతి. కోడి కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్ సుమారు 50 డిగ్రీల దగ్గరనుంచే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ 65 డిగ్రీలు దాటాక బిగుస్తుంది, అప్పుడు కండరం తన నీటిని పిండి బయటికి పంపుతుంది. రొమ్ము మాంసంలో కొవ్వు, కండరాలను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ రెండూ తక్కువ కనుక ఈ దశలో కొన్ని నిమిషాలు ఆలస్యమైనా అది పీచుగా మారుతుంది. తొడ మాంసంలోని కొల్లాజెన్ 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా జిగురులాంటి జెలటిన్‌గా కరిగి, పోయిన నీటి లోటును కొంత పూడుస్తుంది. కొత్తగా ఈ యంత్రంలో వండేవారు ఎముక లేని తొడ మాంసంతో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. సమయంలో చిన్న తేడా వచ్చినా అది క్షమిస్తుంది.

వండడానికి అరగంట ముందే ఉప్పు పట్టించడానికీ ఒక కారణం ఉంది. ఉప్పు మొదట మాంసంలోంచి కొంత నీటిని లాగుతుంది. ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి ఇంకి కండర ప్రోటీన్లను కొంత వదులు చేస్తుంది, వేడికి అవి నీటిని మునుపటికంటే బాగా పట్టి ఉంచుతాయి. పెరుగులోని ఆమ్లం పైపొరను మెత్తబరుస్తుంది. కానీ పెరుగు చిక్కగా ఉండాలి, ముక్కలను బుట్టలో వేసేముందు అదనంగా అంటుకున్నదాన్ని దులపాలి. లేకపోతే మళ్లీ తడి సమస్యే.

మన ఇళ్లలో చికెన్‌ను కుళాయి కింద రెండు మూడుసార్లు కడగనిదే మనసొప్పదు. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి బాక్టీరియా ఆ తుంపరలతో సింకు మీదికీ, పక్కనున్న కొత్తిమీర మీదికీ చేరే ప్రమాదం ఉన్నందున అమెరికా వ్యవసాయ శాఖ పచ్చి కోడి మాంసాన్ని కడగవద్దని చెబుతోంది. కడగకుండా ఉండలేనివారు గిన్నెలో నీళ్లు పోసి, చిందకుండా కడిగి, ఆ తర్వాత సింకును సబ్బుతో శుభ్రం చేయాలి. ఆ బాక్టీరియాను చంపేది వేడి మాత్రమే. ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరితే మాంసం సురక్షితం. దీన్ని చూసుకోవడానికి వంటింటి థర్మామీటరే నమ్మదగిన సాధనం. రంగును చూసి నిర్ణయించడం కుదరదు, ఎందుకంటే ఎముక దగ్గర మూలుగ రంగు దిగి బాగా ఉడికిన ముక్క కూడా ఎర్రగా కనిపించవచ్చు.

ఇప్పుడు కత్తి దగ్గరికి వద్దాం. వేడి ముక్క మధ్యకు చేరే సమయం మందంతో సమానంగా పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. ఒకే బుట్టలో పెద్దవీ చిన్నవీ కలిపి వేస్తే చిన్నవి మాడే వేళకు పెద్దవి పచ్చిగా ఉండడం ఇందుకే. ఈ సూత్రాన్ని మనకు అనుకూలంగానూ వాడుకోవచ్చు. కూరగాయలు మెత్తబడాలంటే వాటి కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరగాలి, దానికి 80 డిగ్రీలకు పైగా వేడి, కొంత వ్యవధి కావాలి. గట్టిదైన క్యారెట్‌ను సన్నగా, త్వరగా మెత్తబడే క్యాప్సికంను పెద్దగా కోస్తే రెండూ దగ్గర దగ్గరగా సిద్ధమవుతాయి.

ఇద్దరు ముగ్గురికి సరిపోయే భోజనానికి 350 గ్రాముల ఎముక లేని తొడ మాంసాన్ని రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ముప్పావు చెంచా ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, రెండు చెంచాల చిక్కని పెరుగు పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ఒక క్యారెట్‌ను సెంటీమీటరు మందాన, కొన్ని కాలీఫ్లవర్ పువ్వులను మూడు సెంటీమీటర్ల సైజులో, ఒక క్యాప్సికంనూ ఒక ఉల్లిపాయనూ పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, నూనె, కొద్దిగా ఉప్పు కలిపి వేరుగా ఉంచుకోవాలి. యంత్రాన్ని 190 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, మొదట చికెన్, క్యారెట్ ఒకే వరుసలో పరచాలి. నాలుగు నిమిషాల తర్వాత కాలీఫ్లవర్, మరో నాలుగు నిమిషాలకు క్యాప్సికం, ఉల్లిపాయ చేర్చి ప్రతిసారీ బుట్టను కుదపాలి. మొత్తం 15 నుంచి 17 నిమిషాలు పడుతుంది. యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది కనుక చివరి మాట థర్మామీటర్‌దే. నాలుగు లీటర్ల కంటే చిన్న బుట్టయితే రెండు వాయిలుగా చేసుకోవడం మంచిది. గరం మసాలా, ఎండిన కరివేపాకు పొడి వంటివి గాలి వేగానికి ఎగిరి వేడి తీగకు తగిలి మాడతాయి, వాటిని దింపాక కలపాలి. నిమ్మరసమూ అప్పుడే పిండాలి, ఆమ్లం ముందే ఉంటే రంగు తిరగడం మందగిస్తుంది.

బంగాళాదుంప వేయదలచినవారు దాన్ని ఫ్రిజ్‌లో నిల్వ ఉంచకూడదు. చలికి దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం 120 డిగ్రీల పైన కలిసి, క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. వేయించిన దుంపల్లో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ముక్కలను కాసేపు నీటిలో నానబెట్టి, బాగా తుడిచి, బంగారు రంగు రాగానే తీసేస్తే అది తగ్గుతుంది.

యంత్రం పెట్టేముందు గోడమీది సాకెట్‌ను కూడా చూడాలి. 1,500 వాట్ల యంత్రం మన 230 వోల్టుల సరఫరాలో సుమారు ఆరున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, అందువల్ల చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కు కన్వర్టర్‌తో తగిలించకుండా 16 ఆంపియర్ల సాకెట్‌నే వాడాలి. వాయికీ వాయికీ మధ్య బుట్ట కింద చేరిన కొవ్వును వేరే గిన్నెలోకి వంచేస్తే పొగ రాదు. ఆ కొవ్వుతోపాటు దిగిన రసంలో మాంసంనుంచి వచ్చిన జెలటిన్, ఉప్పు, మసాలా అన్నీ ఉంటాయి. పైన తేలిన కొవ్వును తీసేసి, మిగిలినదాన్ని ఒకసారి పొయ్యి మీద మరగనిచ్చి ముక్కల మీద పోసుకుంటే అన్నంలోకి విడిగా పులుసు అవసరం ఉండదు.