మాట పడిపోయిన పెద్దాయన రాసిన ఉత్తరం

ప్రియమైన మనవలకు, మనవరాళ్లకు,

యుద్ధమొస్తే మేత్రాణులవారు (బిషప్పు) ప్రార్థన తప్ప ఇంకేం చేయగలరని మొన్న జ్ఞానోపదేశం అయ్యాక అడిగారుగా. ఫ్రాన్సులో జరిగిన ఒక సంగతి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942లో, దక్షిణ ఫ్రాన్సులోని తూలూజ్ నగరానికి అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) జూల్ సాలియేజ్. డెబ్బై రెండేళ్లు. పదేళ్ల కిందటే పక్షవాతం వచ్చి మాట సరిగా పెగిలేది కాదు. అప్పటికే ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడింది. దక్షిణాన మార్షల్ పెతాన్ ప్రభుత్వం నడుస్తోంది. వేరే దేశాల నుంచి ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయి వచ్చిన యూదులను ఆ ప్రభుత్వమే పట్టి జర్మన్లకు అప్పగించడం మొదలుపెట్టింది. తూలూజ్ దగ్గర నోయే, రెసెబెదూ నిర్బంధ శిబిరాల్లో ఏం జరుగుతోందో కళ్లారా చూసినవాళ్లు వచ్చి ఆయనకు చెప్పారు.

ఆయన ఒక పేజీ కూడా నిండని ఉత్తరం రాయించారు. యూదులూ మనుషులే, మన సోదరులే. పిల్లల్నీ తల్లుల్నీ మందలా తోలుతున్నారు, కుటుంబాలను విడదీస్తున్నారు, క్రైస్తవుడైనవాడు ఇది మరవకూడదు అన్నది అందులోని సారం. వచ్చే ఆదివారం చర్చిల్లో ఏ వ్యాఖ్యానమూ లేకుండా చదవండని కింద ఒక ఆదేశం. చదవనివ్వకూడదని జిల్లా అధికారి ప్రయత్నించాడు. అయినా ఆగస్టు 23న చాలా విచారణల్లో (పారిష్ చర్చిల్లో) గురువులు పూజలో చదివేశారు. తర్వాత లండన్ రేడియోలోనూ వినిపించింది.

ఆయన్ని విప్లవకారుడనుకునేరు! పెతాన్ మీద గౌరవం ఉన్న మనిషే. దేశంలోని మేత్రాణుల్లో బాహాటంగా ఇలా రాసినవారు కొద్దిమందే. మిగతావాళ్ల మౌనం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మరి యూదులను జర్మన్ల దగ్గరకు తరలించే రైళ్లు ఆగాయా అంటారు. ఆగలేదు. మూడు రోజులకే, ఆగస్టు 26న, దక్షిణమంతటా పెద్ద ఎత్తున అరెస్టులు జరిగాయి. కానీ ఉత్తరం విన్నవాళ్లలో కొందరు తలుపులు తెరిచారు. కాప్‌దెనాక్ అనే ఊళ్లో ఒక కాన్వెంట్ పెద్దమ్మగారు సిస్టర్ దెనీజ్ బెర్గోన్. యూదుల పిల్లల్ని దాచాలంటే అబద్ధమాడాలి, ఆడొచ్చా అని సాలియేజ్ గారినే అడిగారు. ప్రాణాలు నిలబడతాయంటే ఆడదాం తల్లీ అని ఆయన జవాబు. ఆమె 83 మందిని కాపాడారు. పిల్లల కాగితాలు, నగలు తోటలో పాతిపెట్టారు. పూజలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరిల్లాలో తెలియక తికమకపడే ఆ పిల్లలు కమ్యూనిస్టుల ఇళ్ల నుంచి వచ్చారు, అందుకే జపాలు రావు అని మిగతా పిల్లలకు చెప్పేవారట.

మీ తాతయ్య