సీరియల్ వల్ల నిలబడ్డ గాయకుడు ఫాబియో జూనియర్

బ్రెజిల్ గాయకుడు, నటుడు ఫాబియో జూనియర్ మొదట్లో ఇంగ్లీషులో పాడాడు, అదీ తన పేరుతో కాదు. 1953లో సావో పాలోలో పుట్టిన ఆయన, 1970లలో మార్క్ డేవిస్, అంకుల్ జాక్ అనే పేర్లతో రికార్డులు చేశాడు. అప్పుడు బ్రెజిల్‌లో ఇంగ్లీషు పాటలకు గిరాకీ ఎక్కువ. గ్లోబో టీవీ వాళ్లు తమ సీరియళ్ల పాటలు అమ్మడానికి సోమ్ లివ్రె అనే రికార్డు కంపెనీనే పెట్టుకున్నారు. చాలా సీరియళ్లకు రెండేసి ఆల్బములు వచ్చేవి: ఒకటి బ్రెజిల్ పాటలతో, ఇంకొకటి విదేశీ పాటలతో. దాంతో అక్కడి కుర్రాళ్లే విదేశీ పేర్లు పెట్టుకుని పాడేవారు. ప్రపంచమంతా విన్న 'ఫీలింగ్స్' పాడిన మోరిస్ ఆల్బర్ట్ కూడా బ్రెజిల్‌వాడే.

ఫాబియోను ఆ ముసుగులోంచి బయటికి తెచ్చింది ఆయన సొంతంగా రాసుకున్న 'పాయ్'. తండ్రితో కొడుకు మనసు విప్పి మాట్లాడే పాట అది. 1979లో గ్లోబో సీరియల్ 'పాయ్ ఎరోయ్'కి అదే టైటిల్ సాంగ్ అయింది. మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగకపోయినా, బ్రెజిల్ సీరియల్ నెలల పాటు వారానికి ఆరు రోజులు వస్తుంది. అన్ని రాత్రులు ఒకే పాట ఇంట్లో వినిపిస్తే, ఆ పాడినవాడు ఇంటిమనిషే అయిపోతాడు.

అదే ఏడాది 'కబోక్లా' అనే సీరియల్‌లో నటి గ్లోరియా పిరెస్ పక్కన హీరోగా వేశాడు. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. వాళ్ల కూతురు క్లియో కూడా నటే. 1985లో 'రోకె సాంతెయిరో' వచ్చింది. సైనిక ప్రభుత్వం పదేళ్ల ముందు ఆపేయించిన కథ అది, పాలన మారాకే మళ్లీ తీయగలిగారు. అందులో ఆయనది సినిమా నటుడి పాత్ర. 1992లో 'పెద్రా సోబ్రె పెద్రా'లో వేసిన ఫొటోగ్రాఫర్ జోర్జె తదేవు పాత్ర చనిపోయాక కూడా కథను వదల్లేదు: ఒక చెట్టు పువ్వు తిన్న ఆడవాళ్లకు అతను కనిపిస్తాడు!

ఇంత పేరొచ్చినా ఆయన్ను అందగాడైన సీరియల్ హీరోగానే చూసినవాళ్లు ఉన్నారు. అది అన్యాయం. 1990లలో పెద్ద హిట్టయిన ఆయన పాట 'ఆల్మా జేమియా' పెనిన్యా అనే పాటల రచయిత రాసిందే కావచ్చు, కానీ 'పాయ్' మాటలూ బాణీ ఫాబియోవే. కొడుకు ఫియుక్ కూడా ఇప్పుడు పాడుతూ, నటిస్తూ అదే దారిలో ఉన్నాడు.