గుట్ట ఎక్కేవాళ్లు, ఇంట్లో ఎదురుచూసేవాళ్లు: కొన్ని అపోహలు - వాస్తవాలు

భువనగిరి ఖిల్లా బండ మీద పిల్లలకు తాళ్లు కట్టి ఎక్కడం నేర్పడం నా పని. ఏడాదిలో కొన్నాళ్లు హిమాలయాలకు జట్లను తీసుకెళ్తుంటాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ముడుల గురించి, బూట్ల గురించి, శిఖరం మీద పట్టుకునే జెండా గురించి అడుగుతారు. వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు మాత్రం పక్కకు పిలిచి ఒక్కటే అడుగుతారు: "సార్, ఏం గాదు గదా?" ఏమీ కాదని నేను ఎవరికీ మాటివ్వను. ఏం కావచ్చో, అందులో మన చేతిలో ఉన్నదెంతో చెప్తాను. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్ల నోట నేను తరచుగా వినే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మన దగ్గర ఉన్నయి గుట్టలే గదా, గుట్ట మీద ఏం ప్రమాదం?"

పడేవాడికి ఎవరెస్ట్ అయినా, 30 అడుగుల గుండు అయినా తల పగలడంలో తేడా ఉండదు. భువనగిరి ఖిల్లా దాదాపు 500 అడుగుల ఏకశిల. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ కోటల దగ్గర కూడా ఇలాంటి గ్రానైటే. ఎండకు, వానకు ఈ రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. చేత్తో పట్టుకున్న అంచు గట్టిదో, ఊడబోయే పొరో తట్టి చూస్తే గానీ తెలియదు. బోలు చప్పుడు వస్తే దాని మీద బరువు వేయొద్దు. వానాకాలంలో బండ మీద నాచు పడుతుంది, చెప్పులతో ఎక్కినవాడు కాలు జారి బోర్లా పడతాడు. ఏటవాలు బండల కింద కొండ తేనెటీగల తుట్టెలు ఉంటాయి. వాటికి పొగ తగిలినా, రాయి తగిలినా గుంపంతా మీదికి వస్తుంది. తాడు మీద సగంలో వేలాడుతున్నవాడు ఎటు పారిపోతాడు? చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనంలో కాళ్లు జారేవాళ్లను, ఎండకు సొమ్మసిల్లేవాళ్లను చూసినవాళ్లకు ఇదంతా చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట తాడు గురించి. బజారులో దొరికే నైలాన్ తాడు బరువు లాగడానికి పనికొస్తుంది, పడే మనిషిని ఆపడానికి కాదు. క్లైంబింగ్ తాడు పడేటప్పుడు కొంత సాగి ఆ దెబ్బను తను మింగుతుంది. సాగని తాడు ఆ దెబ్బనంతా నడుముకు, వెన్నుకు కొడుతుంది. తాడు మీద, నడుముకు, తొడలకు బిగించుకునే హార్నెస్ పట్టీల మీద సీఈ, యూఐఏఏ అనే భద్రతా ప్రమాణాల ముద్రలు ఉన్నాయో లేదో చూడండి. హెల్మెట్ లేకుండా బండ దగ్గరికి వచ్చినవాడిని నేను ఇంటికి పంపించేస్తాను. కోపం వచ్చినా సరే.

అపోహ: "చిన్నప్పటి నుంచి పొలం పని చేసిన ఒళ్లు. మనకు ఎత్తు జబ్బు రాదు."

పైకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ చాలక వచ్చేదే ఎత్తు జబ్బు. దానికి కండతో సంబంధం లేదు. ఎంత తొందరగా ఎక్కావన్నదే దానికి లెక్క. మామూలుగా 2,500 మీటర్ల పైన ఇది మొదలవుతుంది. 5,500 మీటర్ల దగ్గర గాలిలో మనకు దొరికే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సగం, ఎవరెస్ట్ మీద మూడో వంతు. నిజానికి దమ్మున్న కుర్రాళ్లకే ప్రమాదం ఎక్కువ అంటాను నేను. వాళ్ల కాళ్లు ఊపిరితిత్తుల కంటే ముందు పరుగెత్తుతాయి. తల నొప్పి పెడుతున్నా పక్కవాడి ముందు చెప్పుకోరు.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. మన దగ్గరి పిల్లలు ఎక్కువగా వెళ్లేది ఆఫ్రికాలోని 5,895 మీటర్ల కిలిమంజారోకు. మారంగు దారిలో ఐదు రోజుల ప్యాకేజీ చూడండి: మొదటి రాత్రి 2,720 మీటర్లు, రెండో రాత్రి 3,720, మూడో రోజు సాయంత్రానికి 4,720. అదే రాత్రి శిఖరానికి బయల్దేరాలి. పైన చెప్పిన లెక్కకు రెండింతలు ఇది. ఒక్క రోజు కలుపుకుంటే ఖర్చు పెరుగుతుందని చాలామంది కలుపుకోరు.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, పెదాలు నీలం కావడం: ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గుర్తు. తాగినవాడిలా తూలడం, పొంతన లేని మాటలు: మెదడు వాస్తోంది. మడమకు బొటనవేలు తాకిస్తూ గీత మీద నడవమనండి, నడవలేకపోతే వెంటనే కిందికి దించాలి. రాత్రి అయినా దించాలి, తెల్లారేదాకా చూద్దామనొద్దు. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టరును అడిగి వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ విషయం ముందే చెప్పండి. అయితే ఆ మాత్ర వేసుకున్నాం కదా అని పరుగెత్తకూడదు.

అపోహ: "అనుభవం ఉన్నోళ్లతో పోతున్న, నాకేం కాదు."

కొంతవరకే నిజం. ముడి తప్పు వేయడం, తాడు మరిచిపోవడం, దారి తప్పడం లాంటివి అనుభవంతో తగ్గుతాయి. కొండ మీది నుంచి మంచు విరుచుకుపడే హిమపాతానికి (అవలాంచ్) మాత్రం ఎవరు అనుభవజ్ఞులో తెలియదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా మీద వచ్చిన హిమపాతంలో ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ జట్టుకు చెందిన 27 మంది చనిపోయారు, ఇద్దరి ఆచూకీ అప్పట్లో దొరకలేదు. ఆ మృతుల్లో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. ఆ ఏడాది మే నెలలోనే ఆమె ఎవరెస్ట్‌ను, మకాలు శిఖరాన్ని ఎక్కి వచ్చారు.

అందుకే ఏ కొండ ఎక్కాలన్నది కూడా ఇంటి మీద బాధ్యతలో భాగమే అంటాను. పెళ్లయిందని కొండ మానేయమని నేను ఎవరికీ చెప్పను. కానీ మంచు పెళ్లలు విరిగిపడే దారి, రాళ్లు దొర్లే దారి, నైపుణ్యం కంటే అదృష్టం మీద ఎక్కువ ఆధారపడే దారి అయితే వదిలేసి వేరే కొండ చూసుకోమంటాను. కొండలకు కరువు లేదు.

అపోహ: "పిల్లలున్న తల్లికి ఇదంతా ఎందుకు?"

1995 ఆగస్టు 13న కే2 శిఖరం మీద బ్రిటన్ పర్వతారోహకురాలు అలిసన్ హార్‌గ్రీవ్స్ చనిపోయినప్పుడు, ఇద్దరు చిన్న పిల్లల తల్లి ఎందుకు వెళ్లిందని పత్రికలు దుమ్మెత్తి పోశాయి. పిల్లలున్న మగవాళ్లు కొండల మీద పోయినప్పుడు అంతగా ఎవరూ అడగలేదు. మన ఊళ్లల్లోనూ అంతే. అడగాల్సిన ప్రశ్నే అది, కాకపోతే తండ్రినీ అదే గొంతుతో అడగాలి. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అపోహ: "ఏమైనా అయితే హెలికాప్టర్ వస్తది, సర్కారు చూసుకుంటది."

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు దొరకదు. ఎవరెస్ట్ మీద హెలికాప్టర్ సాధారణంగా సుమారు 6,400 మీటర్ల రెండో క్యాంపు దాకానే వస్తుంది, అదీ వాతావరణం బాగుంటేనే. అంతకు పైనుంచి మనిషిని మనుషులే మోసుకురావాలి. అలా మోసేవాళ్లు షెర్పాలు, వాళ్లకూ ఇళ్లున్నాయి. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ దగ్గర మంచు విరిగిపడి చనిపోయిన 16 మందీ నేపాలీ పనివాళ్లే. మన కోరికలో వాళ్ల కుటుంబాల వాటా కూడా ఉందని మరిచిపోతాం.

మల్లి మస్తాన్ బాబు గురించి తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోయారు, ఏప్రిల్ 3న ఆయన దేహం కనబడింది. అంత పేరున్న మనిషికి, ప్రభుత్వాలు పూనుకున్నా, నెల్లూరు జిల్లాలోని సొంతూరికి చేరడానికి దాదాపు మూడు వారాలు పట్టింది.

అపోహ: "ఇన్సూరెన్స్ ఉంది."

ఏ ఇన్సూరెన్స్? మామూలు ట్రావెల్ పాలసీలు, ప్రమాద బీమా పాలసీలు చాలావరకు తాళ్లతో ఎక్కే పర్వతారోహణను మినహాయిస్తాయి, లేదా ఒక ఎత్తు వరకే వర్తిస్తాయి. ఆ చిన్న అక్షరాల పేజీ తెరిచి, ఎన్ని మీటర్ల దాకా ఉందో, హెలికాప్టర్ ఖర్చు ఉందో, దేహాన్ని తెచ్చే ఖర్చు ఉందో చూడండి. జీవిత బీమా దరఖాస్తులో సాహస క్రీడలున్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయండి. నిజం దాచారని మూడేళ్ల లోపు తేలితే క్లెయిమ్ ఆపేయొచ్చు. రైతు బీమా ఉంది కదా అన్నాడొక పిల్లవాడు. పట్టా నాయిన పేరు మీద ఉంటే బీమా కూడా నాయినదే. కొడుకు పోతే అది రాదు.

మా దగ్గర తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి మోకు, ముస్తాదు తప్ప ఆధారం ఉండేది కాదు. 2024 జూలైలో కాటమయ్య రక్ష పేరుతో ప్రభుత్వం సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది. చెట్టు మీద నుంచి పడి చనిపోతే ఇంటికి ఎక్స్‌గ్రేషియా ఉంది. ఆయన పొట్టకూటి కోసం ఎక్కుతాడు కాబట్టి సమాజం అంతో ఇంతో బాధ్యత తీసుకుంది. మనం మన ఇష్టంతో ఎక్కుతున్నాం. మన బాధ్యత మనమే తీసుకోవాలి.

దేహం దొరకకపోతే పరిస్థితి ఇంకా కష్టం. కళ్లారా చూసిన సాక్షి లేకపోతే, ఏడేళ్లపాటు ఆచూకీ లేనప్పుడే చట్టం మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది. అప్పటిదాకా మామూలుగా మరణ ధ్రువపత్రం ఉండదు. అది లేకుండా బీమా రాదు, బ్యాంకు ఖాతా తెరుచుకోదు, భూమి వారసుల పేరు మీదికి మారదు (విరాసత్ కాదు). ఏడేళ్లు ఆ ఇల్లాలు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఏమని చెప్పుకుంటూ తిరగాలి?

అపోహ: "అప్పు చేసైనా ఒక్కసారి ఎక్కితే చాలు, తర్వాత అన్నీ అవే వస్తయి."

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఎవరూ దీన్ని కొండ ప్రమాదాల జాబితాలో రాయరు, నేను మొట్టమొదట రాస్తాను.

పూర్ణ ఎక్కింది కదా అంటారు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఖమ్మం వైపు నుంచి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కిన మాట నిజం. వాళ్లు తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ భువనగిరి బండ మీదే. కానీ ఆ వెనుక డార్జిలింగ్ శిక్షణ ఉంది, లడఖ్ చలిలో శిక్షణ ఉంది, ఖర్చు భరించిన సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ ఉంది. వాళ్ల తల్లిదండ్రులు పొలం కుదువ పెట్టలేదు.

ఇప్పుడు నేపాల్ ప్రభుత్వం వసంత కాలపు ఎవరెస్ట్ పర్మిట్ ఒక్కదానికే 15,000 డాలర్లు తీసుకుంటోంది. మొత్తం ఖర్చు 30 లక్షలు దాటడం మామూలు. అంత దూరం వద్దు, కిలిమంజారోకే మూడు లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 6,000 మిత్తే. బయల్దేరే ముందే ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, సర్పంచ్ శాలువా కప్పాడు, వాట్సాప్ స్టేటస్‌లన్నీ నిండిపోయాయి. శిఖరానికి మూడు గంటల దూరంలో ఆ పిల్లవాడు తూలుతున్నాడు. గైడు "దిగుదాం" అంటాడు. పిల్లవాడి చెవిలో వినబడేది గైడు మాట కాదు, షావుకారు మాట.

1996 మేలో ఎవరెస్ట్ మీద రెండు రోజుల్లో ఎనిమిది మంది చనిపోయిన సంగతి పర్వతారోహకులందరికీ తెలుసు. వాళ్లలో డగ్ హాన్సెన్ అమెరికాలో తపాలా ఉద్యోగి. రాత్రిళ్లు తపాలా పని, పగలు నిర్మాణం పనులు చేసి డబ్బు కూడబెట్టాడు. అంతకుముందు ఏడాది శిఖరం దగ్గరి దాకా వెళ్లి వెనుదిరిగాడు. ఈసారి మధ్యాహ్నం రెండు గంటలకు తిరుగుముఖం పట్టాలన్న గడువు దాటిపోయినా, సాయంత్రం నాలుగు దాకా పైకే నడిచాడు. అతని కోసం ఆగిన గైడు రాబ్ హాల్ కూడా తిరిగి రాలేదు. హాల్ పైనుంచి రేడియోలో మాట్లాడిన ఆఖరి మాటలు గర్భవతి అయిన తన భార్యతో.

శిఖరం సగం దారి మాత్రమే. ఒంట్లో శక్తి, సిలిండర్‌లో ఆక్సిజన్, పగటి వెలుగు మూడూ అయిపోయేది దిగేటప్పుడే. కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక షరతు పెట్టాను: పోతే పోయిందనుకోగల డబ్బుతోనే రండి. పొలం, పుస్తెలు, మిత్తి సొమ్ము పెట్టి వస్తామంటే తీసుకెళ్లను. శిఖరం ఎక్కకుండా తిరిగొచ్చినా ఇంట్లో ఎవరూ మాట అనరన్న హామీ తల్లిదండ్రుల నోటనే పిల్లల ముందు చెప్పిస్తాను. ఒక నాయిన ఆ మాట చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు. ఆయనకు మాటతో వచ్చిన ఇబ్బంది కాదది, అప్పటికే అప్పు తెచ్చేశాడు.

అపోహ: "ఇంట్ల చెప్తే భయపడ్తరు. చెప్పకుండ పోవుడే మంచిది."

వలస పోయే పాలమూరు ఇళ్లకు ఎదురుచూడటం కొత్త కాదు. ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో తెలిస్తే వాళ్లు తట్టుకుంటారు. తెలియకపోవడమే తట్టుకోలేనిది. ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా ఫోన్ కలవదని ముందే చెప్తే, ఆ రోజుల్లో ఎవరూ గుండెలు బాదుకోరు. ఆ తారీఖు దాటి ఎన్ని రోజులైతే, ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి వెళ్లండి. శాటిలైట్ ఫోన్ కొనిస్తానని దుబాయ్‌లో ఉన్న బావమరిది అంటే తొందరపడకండి. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది.

ఒక కాగితం మీద ఇవి రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి: వెళ్లే దారి, క్యాంపుల పేర్లు, ఏజెన్సీ ఫోన్ నంబర్, పాస్‌పోర్టు, పర్మిట్ నకళ్లు, పాలసీ నంబర్, బ్లడ్ గ్రూప్, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరు ఎంత ఇవ్వాలో. బ్యాంకులో, బీమాలో నామినీ పేరు ఒకసారి చూసుకోండి. పెళ్లికి ముందు తీసిన పాలసీల్లో ఇంకా అన్న పేరో, మేనమామ పేరో ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. దాన్ని మార్చడం బ్రాంచికి వెళ్తే ఒక ఫారంతో అయిపోయే పని.