పన్ను మొలవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి

“ఇంజక్షన్ చేస్తే ఊడిన పళ్ళు మళ్ళీ మొలుస్తాయట, జపాన్‌లో మొదలుపెట్టేశారట. నిజమేనా? మా అమ్మగారికి కట్టుడు పళ్ళు పెట్టించాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా?” అని ఒక పాఠకురాలు అడిగారు. అమ్మగారి సంగతి ముందే చెప్పేస్తాను. ఆగకండి, పెట్టించేయండి. పళ్ళు లేని దవడ ఎముక ఏటికేడు అరిగిపోతుంది, తిండి తగ్గుతుంది, మనిషి నీరసిస్తుంది.

వార్త మాత్రం నిజమే. 2024లో క్యోటో యూనివర్సిటీ ఆసుపత్రిలో మనుషుల మీద పరీక్ష మొదలైంది. దాని రూపకల్పన ఇదీ: 30 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న, కనీసం ఒక దవడ పన్ను లేని, ఆరోగ్యంగా ఉన్న 30 మంది మగవాళ్ళు. మందు నరంలోకి ఎక్కిస్తారు. ఆ మొదటి దశలో ముఖ్యంగా చూసేది మందు ఒంటికి హాని చేస్తుందా లేదా అనే. పేపర్లు ఇంతవరకు బాగానే రాశాయి. కానీ నాకు నిద్ర పట్టనివ్వని విషయం వాటిలో ఎక్కడా కనపడలేదు: ఆ మందులో పన్నును కట్టే పదార్థం ఏదీ లేదు. అది ఒక అడ్డు తొలగిస్తుంది, అంతే. అడ్డు తీసినంత మాత్రాన పన్ను ఎలా వస్తుంది? దీనికి జవాబు కావాలంటే కడుపులో బిడ్డకు ఆరో వారం నడుస్తున్నప్పటి నోట్లోకి తొంగి చూడాలి.

అప్పటికి దవడ అంటే ఒక మెత్తని మడత. దాని మీద పలుచని పై పొర, ఎపిథీలియం. కింద వదులుగా పరుచుకున్న కణాలు, మీసెంకైమ్. ఈ కింది కణాలు అక్కడ పుట్టినవి కావు. మెదడు, వెన్నుపాము తయారయ్యే చోట, న్యూరల్ క్రెస్ట్ అనే అంచులో పుట్టి, వలస వచ్చి అక్కడ చేరతాయి. పన్ను మీది తెల్లని ఎనామిల్ పై పొర చేసే పని. ఎనామిల్ కింది డెంటిన్, లోపల రక్తనాళాలూ నరాలూ ఉండే గుజ్జు, వేరును పట్టి ఉంచే సిమెంటం కింది కణాల పని. విడివిడిగా ఉంచితే ఏ ఒక్కటీ పన్ను చెయ్యలేదు. నాకు ఇది రెండు ఇళ్ళ మధ్య పెళ్ళి మాటల్లా కనిపిస్తుంది. ఒక ఇంటి నుంచి కబురు వెళ్ళాలి. అవతలి ఇల్లు జవాబివ్వాలి. ఆ జవాబును బట్టి ఇవతలివాళ్ళు ఇంకో మాట చెప్పాలి. కబురు ఎక్కడ ఆగితే పెళ్ళి అక్కడే ఆగుతుంది.

మరి మొదటి కబురు ఎవరిది? దీన్ని 1987లో అమెరికాలోని కనెక్టికట్‌లో మినా, కొల్లార్ అనే ఇద్దరు పరీక్షించారు. ఎలుక పిండం తల కింద వరసగా ఏర్పడే వంపుల్లో, దవడగా మారే మొదటి వంపు నుంచి పై పొరను ఒలిచి, ఎన్నడూ పళ్ళు రాని రెండో వంపు మీసెంకైమ్ మీద పరిచారు. ఈ జతను పెద్ద ఎలుక కంటిలో, నల్లగుడ్డు ముందున్న ఖాళీలో పెట్టి పెంచారు. అక్కడ కణజాలానికి రక్తం అందుతుంది, పైన పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పెరుగుదల బయటికి కనిపిస్తుంది కూడా. పన్ను వచ్చింది! తిరగేసి చేస్తే, అంటే రెండో వంపు పై పొరను దవడ మీసెంకైమ్ మీద పెడితే, రాలేదు. అంటే మొదటి మాట పై పొరదే. కానీ పిండానికి పన్నెండో రోజు దాటాక ఇదే ప్రయోగం చేస్తే ఫలితం తారుమారైంది. అప్పటికి పెత్తనం మీసెంకైమ్ చేతికి వెళ్ళిపోయింది. పై పొర వేరేచోటి నుంచి తెచ్చినా అది పన్ను చేయించగలదు. ఎలుక గర్భకాలం మొత్తం దాదాపు 20 రోజులే. అందులో ఒకటి రెండు రోజుల తేడాలో ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు మారిపోయారు.

ఆ కబురు ఏ రూపంలో వెళ్తుందో 1993లో హెల్సింకిలో ఇర్మా థెస్లెఫ్ బృందం చూపించింది. ఆ ప్రయోగం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. పిండం దవడలో పన్ను రావలసిన చోటును మైక్రోస్కోపు కింద సన్నని సూదులతో కోసి తీస్తారు. అది ఆవగింజకన్నా చిన్న ముక్క. ఎంజైములో కొద్దిసేపు ఉంచితే రెండు పొరల మధ్య పట్టు వదులవుతుంది. అప్పుడు పై పొరను సూదితో మెల్లగా ఒలిచి పక్కన పడేస్తారు. మిగిలిన మీసెంకైమ్‌ను లోహపు జల్లెడ మీద పరిచిన ఫిల్టరు ముక్క పైన ఉంచుతారు, అడుగున పోషక ద్రవం తగిలేలా. ఇప్పుడు పై పొర లేదు. దాని బదులు, మిల్లీమీటరులో పదో వంతు ఉండే అగరోజ్ అనే జెల్లీలాంటి పదార్థపు పూసను బీఎంపీ-4 అనే ప్రోటీన్‌లో నానబెట్టి, శ్రావణంతో పట్టి, మీసెంకైమ్ మీద కూర్చోబెడతారు. ఒక్క రోజులో పూస చుట్టూ ఉన్న కణజాలం తేటపడి వలయంలా కనిపిస్తుంది. పై పొర పక్కన ఉంటే వచ్చే మార్పే అది. ఆ వలయంలోని కణాల్లో ఎంఎస్ఎక్స్-1 అనే జన్యువు మేల్కొంటుంది. అంతకన్నా ముఖ్యం, ఆ కణాలు తమంతట తాము బీఎంపీ-4 తయారు చేయడం మొదలుపెడతాయి. వచ్చిన కబురే తిరుగు కబురైంది. పెత్తనం చేతులు మారడమంటే ఇదే.

ఇక్కణ్ణుంచి వేగం పెరుగుతుంది. కాస్త ఓపిక పట్టండి. మీసెంకైమ్ పంపిన బీఎంపీ-4 అందుకున్న పై పొర మొగ్గ దశ నుంచి టోపీ దశకు వెళ్తుంది. దాని మధ్యలో కొన్ని కణాలు ముడిపడి ‘ఎనామిల్ నాట్’ అవుతాయి. ఈ ముడిలోని కణాలు తాము విభజన మానేసి, ఎఫ్‌జీఎఫ్-4, సోనిక్ హెడ్జ్‌హాగ్ లాంటి ప్రోటీన్లను విడుదల చేస్తూ చుట్టుపక్కలవాళ్ళను విభజించమని చెబుతాయి. ముడి పెరగదు, చుట్టూ పెరుగుతుంది. అందువల్ల ఆ చోట కణజాలం మడత పడుతుంది. పని అయ్యాక ముడి కణాలు తమంతట తామే చనిపోతాయి. దవడ పన్నైతే తర్వాత మరికొన్ని ముడులు వస్తాయి. ఒక్కో ముడి ఉన్నచోట నమిలే తలం మీద ఒక్కో మొన లేస్తుంది. మీ నాలుకకు తగిలే ప్రతి మొనా ఒకప్పుడు కొన్ని కణాలు ముడిపడి, పని చెప్పి, చనిపోయిన చోటు.

తిరుగు కబురు అందకపోతే ఏమవుతుంది? 1994లో సటోకాటా, మాస్ ఎంఎస్ఎక్స్-1 జన్యువు లేని ఎలుకలను తయారు చేశారు. వాటి పళ్ళు మొగ్గ దశలోనే ఆగిపోయాయి. దాంతోపాటు అంగిలి చీలింది. ఇది చదివినప్పుడు మన గ్రహణం మొర్రి గుర్తుకు రాక మానదు. గ్రహణం వేళ గర్భిణి కదిలితే, కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకు పెదవి చీలుతుందని ఇప్పటికీ గది తలుపులు మూసి, మంచినీళ్ళు కూడా ఇవ్వని ఇళ్ళున్నాయి. పై పెదవి, అంగిలి కలిసిపోయే పని గర్భంలో మూడో నెల పూర్తయ్యేలోపే ముగుస్తుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం కలిసిపోయిన పెదవిని ఎలా చీలుస్తుంది? 2000లో ఒక డచ్ కుటుంబంలో పళ్ళు కొన్ని పుట్టకపోవడం, మొర్రి రెండూ కలిసి తరాలుగా వస్తున్నాయని, కారణం ఎంఎస్ఎక్స్-1లో ఒక మార్పు అని తేలింది. మొర్రికి ఇదొక్కటే కారణం కాదు. జన్యువులు, పొగ తాగడం, కొన్ని మందులు, ఇలా చాలా ఉన్నాయి. ఆ జాబితాలో చంద్రుడు లేడు. మొర్రితో పుట్టిన బిడ్డ తల్లిని నిందించే మాట వినపడిన ప్రతిచోటా ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

కోళ్ళ కథ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. పక్షుల పూర్వీకులకు పళ్ళుండేవి. దాదాపు 11.6 కోట్ల ఏళ్ళ క్రితం పోయాయని జన్యువుల లెక్క. 2006లో మాథ్యూ హారిస్, జాన్ ఫాలన్ బృందం టాల్పిడ్-2 అనే మార్పున్న కోడి పిండాల దవడ మీద మొసలి పిల్ల తొలి పళ్ళలాంటి చిన్న శంకువులు చూసింది. ఆ పిండాలు గుడ్డులోనే చనిపోతాయి కాబట్టి అంతవరకు ఎవరూ గమనించలేదు. వాళ్ళ వివరణ ఇదీ: మామూలు కోడిలో కబురు చెప్పగల పై పొరా ఉంది, వినగల మీసెంకైమూ ఉంది, కానీ ముక్కు ఏర్పడే తీరువల్ల రెండూ ఎదురెదురుగా రావు. టాల్పిడ్‌లో ఆ సరిహద్దు జరిగి, ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కోట్ల ఏళ్ళుగా మాటల్లేని రెండు ఇళ్ళు పక్కపక్కన చేరగానే సంబంధం కలిపేసుకున్నాయన్నమాట! అయితే ఎనామిల్ చేసే జన్యువులు కోడిలో ఎప్పుడో పాడైపోయాయి. కాబట్టి ఎనామిల్ ఉన్న పూర్తి పన్ను దానికి రాదు.

బడిలో మనచేత దంత సూత్రం 2123 అని బట్టీ పట్టిస్తారు. రెండు కుంతకాలు, ఒక రదనిక, రెండు అగ్రచర్వణకాలు, మూడు చర్వణకాలు. ముందు పన్ను ముందే ఎందుకు వస్తుంది, దవడ పన్ను వెనకే ఎందుకు వస్తుంది అని ఒక్క పిల్లవాడైనా అడిగితే ఆ క్లాసు ధన్యం. 1998లో లండన్‌లో పాల్ షార్ప్ బృందం బీఎంపీని అడ్డుకునే నాగ్గిన్ అనే ప్రోటీన్ పూసను ఎలుక పిండంలో ముందు పన్ను వచ్చే చోట పెట్టింది. బీఎంపీ తగ్గడంతో అక్కడ బార్క్స్-1 అనే వెనక దవడ జన్యువు మేల్కొంది. ముందు పన్ను రావలసిన కణజాలం నుంచి దవడ పన్ను వచ్చింది. పన్ను రావడం ఒక్కటే చాలదు, ఏ పన్ను రావాలన్నది కూడా ఆ కబుర్ల మోతాదు మీదే ఆధారపడి ఉంది.

ఇక మనుషుల దగ్గరికి. 19వ శతాబ్దంలో సింధ్‌లోని ఒక హిందూ కుటుంబం గురించి చార్లెస్ డార్విన్ రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు రెండు దవడల్లో కలిపి నాలుగు చిన్న ముందు పళ్ళు, ఎనిమిది దవడ పళ్ళు. అంతే. ఒంటిమీద వెంట్రుకలు తక్కువ, త్వరగా బట్టతల, ఎండాకాలంలో చర్మం ఎండిపోయి నరకం. ఆడపిల్లలకు రాదు, కానీ వాళ్ళ కొడుకులకు వస్తుంది. ఎక్స్ క్రోమోజోము మీద నడిచే వారసత్వానికి ఇంతకన్నా స్పష్టమైన వర్ణన ఉండదు, క్రోమోజోము అనే మాట పుట్టకముందే! కారణమైన ఈడీఏ జన్యువు 1996లో దొరికింది. పన్ను, వెంట్రుక, చెమట గ్రంథి మూడూ పై పొర మందం కావడంతోనే మొదలవుతాయి. ఈడీఏ ప్రోటీన్ ఆ ఆరంభానికి కావలసిన కబురు. అది లేకపోతే మూడూ దెబ్బతింటాయి. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో హోల్మ్ ష్నైడర్ బృందం ఈ లోపమున్న కవల మగపిల్లలకు తల్లి కడుపులో ఉండగానే, 26వ వారంలో ఒకసారి, 31వ వారంలో ఒకసారి, ఉమ్మనీటిలోకి ఆ ప్రోటీన్ ఎక్కించింది. పిల్లలకు చెమట మామూలుగా పట్టింది. 2018లో ఇది ప్రచురించారు.

కబురు లేనిచోట కబురు పంపడం ఆ దారి. క్యోటోవాళ్ళది ఇంకో దారి. మధ్యలో కబుర్లు అందకుండా చూసే ప్రోటీన్లు శరీరంలో ఉంటాయి. వాటిలో యూసాగ్-1 ఒకటి. అది కణాల బయట తిరుగుతూ బీఎంపీని పట్టేసుకుని గమ్యం చేరనివ్వదు. వింట్ అనే ఇంకో కబురునూ అడ్డుకుంటుంది. అది చెడ్డది కాదు. లేకపోతే ఎక్కడపడితే అక్కడ పళ్ళు వస్తాయి. యూసాగ్-1 లేని ఎలుకలకు పై దవడలో అదనపు ముందు పళ్ళు వచ్చాయి. మామూలు ఎలుకలో కాసేపు మొదలై కరిగిపోయే చిన్న మొగ్గ, అడ్డు లేకపోయేసరికి బతికి పన్నైంది. మన నోట్లోనూ అలాంటి అవశేషాలు ఉండొచ్చనడానికి ఆధారం ఉంది. ఆర్‌యూఎన్ఎక్స్-2 జన్యువు దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి శాశ్వత పళ్ళ వెనక అదనపు పళ్ళు ఎన్నో తయారవుతాయి.

క్యోటో మందు వెనకున్న కత్సు తకహాషి బృందం యూసాగ్-1ను పట్టుకునే యాంటీబాడీలు కొన్ని తయారు చేసి ఎలుకల్లో పరీక్షించింది. కొన్నిటివల్ల పిల్లలు సరిగా పుట్టలేదు, పుట్టినవి బతకలేదు. బీఎంపీ, వింట్ ఒళ్ళంతా పనిచేసే కబుర్లు మరి. చివరికి బీఎంపీతో యూసాగ్-1 పట్టును మాత్రమే విడిపించే యాంటీబాడీ దొరికింది. ఒక్క మోతాదుతో, ఈడీఏ లేని ఎలుకల్లో, అంటే సింధ్ కుటుంబానికి ఉన్న లోపమే ఉన్న ఎలుకల్లో, రాని పళ్ళు వచ్చాయి. ఎలుకకు పళ్ళు జీవితంలో ఒక్కసారే వస్తాయి కాబట్టి, మనలాగే పాలపళ్ళూ శాశ్వత పళ్ళూ వచ్చే ఫెర్రెట్ అనే జంతువులోనూ చూశారు. అక్కడ అదనపు ముందు పన్ను మొలిచింది. ఫలితాలు 2021లో వచ్చాయి. యూసాగ్-1 మూత్రపిండాల్లో కూడా బాగా తయారవుతుంది. పన్ను కోసం నరంలోకి ఎక్కించిన మందు అక్కడికీ చేరుతుంది. మనుషుల పరీక్ష మొదటి దశలో భద్రత మీదే అంత జాగ్రత్త అవసరమయ్యేది ఇందుకే.

ఇప్పుడు ఆ పాఠకురాలు అడిగినదానికి పూర్తి జవాబు చెప్పొచ్చు. ఈ యాంటీబాడీ ఆగిపోయిన మొగ్గను కదిలిస్తుంది. మొగ్గ అంటూ ఉండాలి, అవతల జవాబిచ్చే మీసెంకైమూ ఉండాలి. పుచ్చిపోయి, పీకించుకుని, ఇరవై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న చోట ఆ రెండూ మిగిలి ఉన్నాయా అన్నదే ఈ రంగంలో ఇంకా తేలని ప్రశ్న. అందుకే తర్వాతి దశకు వాళ్ళు ఎంచుకున్నది పెద్దవాళ్ళను కాదు. పుట్టుకతోనే నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ పళ్ళు రాని, రెండు నుంచి ఏడేళ్ళ పిల్లలను. ఆ వయసులో దవడలో శాశ్వత పళ్ళ మొగ్గలు ఇంకా తయారవుతూనే ఉంటాయి, జ్ఞానదంతమైతే మొదలైతే మొదలై ఉంటుంది, లేకపోతే ఇంకా లేదు.