పాత మడతకత్తుల గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో పాత మడతకత్తులను బాగుచేసే నా దగ్గరికి ఇక్కడి తెలుగు కుటుంబాలు తెచ్చేవి ఎక్కువగా తాతల నాటి చాకులు. కొన్ని మాత్రం చిక్‌పేట పరిసరాల్లో ఆదివారాలు సాగే సండే బజార్‌లో ఇష్టపడి కొన్నవి. వాటిలో కాలం చేసిన నష్టం కన్నా, బాగుచేద్దామన్న ఉత్సాహం చేసిన నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఉత్సాహం వెనుక ఉన్న అపోహలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: అలుగు (కత్తిలో కోసే ఉక్కు భాగం) నల్లబడితే తుప్పు పట్టినట్టే, తెల్లగా మెరిసేదాకా రుద్దాలి.

పాత చాకుల అలుగులు చాలావరకు కార్బన్ స్టీలువి. ఉదాహరణకు 1095 అనే రకంలో సుమారు 0.95 శాతం కార్బన్ ఉంటుంది, తుప్పును ఆపగలిగేంత క్రోమియం ఉండదు. అందుకే నిమ్మకాయో మామిడికాయో కోసినప్పుడు ఆ పులుపు తగిలి, ఉక్కు మీద బూడిద, నీలం, నలుపు కలగలిసిన పలుచని పొర ఏర్పడుతుంది. ఈ పొర లోహాన్ని గట్టిగా అంటుకొని ఉండి, కింది ఉక్కుకు తేమ తగలడాన్ని కొంతమేర తగ్గిస్తుంది. ఎర్రతుప్పు ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది పొడిగా రాలుతూ, తేమను తనలో నిలుపుకొని, లోహాన్ని గుంటలు పడేలా తినేస్తుంది. తేడా తెలియకపోతే నూనె అద్దిన తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఎరుపు అంటితే దానిని తొలగించాలి, నలుపు కదలకుండా ఉంటే దాని జోలికి పోకూడదు.

ఎర్రతుప్పును తీయడానికి కూడా ఎమరీ కాగితం అవసరం లేదు. ఒక రాత్రి నూనెలో నానబెట్టి, 0000 రకం స్టీల్ ఊల్‌తో (అతి సన్నని ఉక్కు పీచుతో) నెమ్మదిగా తుడిస్తే చాలావరకు వదులుతుంది. గరుకు కాగితమూ బఫింగ్ చక్రమూ తుప్పుతో పాటు అలుగు మొదట్లో ఉండే తయారీదారు ముద్రను కూడా అరగదీస్తాయి. ఆ చాకు ఏ ఊరిదో, ఏ కాలానిదో చెప్పే ఆధారం చాలాసార్లు ఆ ముద్ర ఒక్కటే. అద్దంలా మెరిసే పాత చాకును చూస్తే నాకు ఆనందం కన్నా అనుమానమే ముందు కలుగుతుంది.

అపోహ: మిషన్ మీద పట్టిన సానే అసలైన సాన.

వీధుల్లో చక్రం తొక్కుతూ సాన పట్టేవారి నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కత్తిపీటకు ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. పలుచని చాకు విషయం వేరు. గట్టిపరచిన ఉక్కులోని పెళుసుతనం తగ్గించడానికి తయారీలో దానిని సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ వేడిచేస్తారు. పొడిగా తిరిగే చక్రం మీద సన్నని అంచు ఆ వేడిని క్షణాల్లో దాటిపోగలదు. అంచున నీలిరంగు తేలిందంటే అక్కడి వేడి 300 డిగ్రీల దరిదాపులకు చేరిందని, ఆ మేరకు ఉక్కు మెత్తబడిందని అర్థం.

చక్రం చేసే మరో హాని వెంటనే కంటికి కనిపించదు. అలుగు మొదట్లో, అంచు ముగిసే చోట ఒక చిన్న మొట్టు ఉంటుంది. చాకు మూసినప్పుడు అది పిడి వెన్నులోని స్ప్రింగుకు ఆని, పదునైన అంచు స్ప్రింగును తాకకుండా కాపాడుతుంది. చక్రానికి ఆ మొట్టు అరిగిపోతే, ఎంత పదును పెట్టినా చాకు మూసిన ప్రతిసారీ అంచు స్ప్రింగుకు కొట్టుకొని మొద్దుబారుతుంది.

చేతితో పట్టే సానకు 1000 రకం నీటిరాయి (నీటితో తడిపి వాడే సానరాయి) చాలు; అంకె తగ్గేకొద్దీ రాయి గరుకు. బాగా మొద్దుబారిన అంచుకు మాత్రం 400తో మొదలుపెట్టాలి. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో, అవతలి వైపు సన్నని ముల్లు (రుద్దుడుకు అంచు మీద లేచే ఉక్కు పొర) వేలికి తగిలేదాకా రుద్ది, తర్వాత రెండో వైపు చేసి, చివరగా తోలుపట్టీ మీద అలుగు వెన్ను (అంచుకు ఎదురు వైపు) ముందుకు ఉండేలా లాగాలి.

అపోహ: తెరిచిన అలుగును కదలకుండా బిగించే లాక్ లేని మడతకత్తి లోపమున్న కత్తి.

సంప్రదాయ చాకులో అలుగును తెరిచినచోటా మూసినచోటా నిలిపేది పిడి వెన్నులోని స్ప్రింగు ఒత్తిడే. 1897లో స్విస్ కత్తుల తయారీదారు కార్ల్ ఎల్సెనర్ నమోదు చేయించిన, స్విస్ ఆర్మీ నైఫ్‌గా పేరుపొందిన ఆఫీసర్ కత్తిలో పనిచేసినదీ వెన్ను స్ప్రింగే. ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ అనే మడతకత్తికి ఆ స్ప్రింగు కూడా లేదు, అలుగును పిడి బిగువే నిలుపుతుంది. తిప్పి బిగించే ఉక్కు వలయం దానికి 1955లో గాని చేరలేదు. కోసేటప్పుడు ఒత్తిడి అంచు మీద పడి, అలుగును తెరిచే దిశలోనే నెడుతుంది. మొనతో పొడిచినప్పుడు, అలుగు వెన్ను మీద బలం పడినప్పుడు మాత్రమే అది వేళ్ల మీదికి ముడుచుకుంటుంది. డబ్బా మూతలు పెకలించడానికి స్క్రూడ్రైవర్ అనే సాధనం ఒకటి ఉందని ఈ సందర్భంలో గుర్తుచేయక తప్పదు.

అపోహ: స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు, కార్బన్ స్టీలుకు కొబ్బరినూనె చాలు.

పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఉండాలి. ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కట్టిపడేస్తుంది. అందుకే భోజనం పళ్లేనికి పట్టని తుప్పు స్టెయిన్‌లెస్ అలుగుకు పట్టవచ్చు, ముఖ్యంగా చెన్నై వంటి ఉప్పుగాలి ఊళ్లలో. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కనుక, బెంగళూరు చలికాలపు ఉదయాల్లో అది కీలులో మైనంలా పేరుకుంటుంది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ చవక, పాడవదు, పండ్లు కోసే అలుగుకు కూడా నిశ్చింతగా వాడవచ్చు.

అపోహ: చిన్న చాకు ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు.

2016 నాటి ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న అలుగులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటిపనికీ వ్యవసాయానికీ తయారైన వాటిని మినహాయించాయి. జేబులో పట్టే పండ్ల చాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయినా పోలీసులు నిషేధాజ్ఞలు విధించిన రోజుల్లో, మెట్రో తనిఖీల వద్ద, విమానంలో చేతిసంచిలో ఈ వాదన చెల్లదు. విమాన ప్రయాణంలో దానిని చెక్-ఇన్ సామానులో పెట్టాలి.

పిడి విరిగినప్పుడు దంతపు పిడి వేయమని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు దంతం అమ్మడం, కొనడం నేరం. దానికి బదులు గేదె కొమ్ము గాని, ఎముక గాని వాడుతున్నాను; ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ ఈ పనికి పేరుపొందిన ఊరు. ఇంట్లోనే ప్రయత్నించేవారు ఎముకను కోసేటప్పుడు, రంధ్రం వేసేటప్పుడు మాస్కు తప్పక ధరించాలి. పిడిని పట్టి ఉంచే రివెట్‌ను (లోహపు మేకును) ఒకే దెబ్బతో కాక, చిన్న సుత్తితో చుట్టూ తేలికగా తడుతూ బిగించాలి, లేకపోతే ఎముక రంధ్రం దగ్గరే పగులుతుంది.